తెల్లవారితే పందెం

పరీక్ష రేపనగా రాత్రి తొమ్మిదింటికి మా ఇంటి తలుపు తట్టి, "మాస్టారూ, ఉత్పలమాలకి యతిస్థానం ఎన్నో అక్షరమండీ?" అని అడిగే విద్యార్థి ప్రతి ఏడూ ఒకడైనా ఉంటాడు. "పదో అక్షరం నాయనా" అని చెప్పి ఊరుకుంటే మర్యాదగా ఉండును. కాని నేను ఊరుకోను. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వడమేమిటని ఓ అరగంట ఉపన్యాసమిచ్చి మరీ పంపిస్తాను. పద్ధెనిమిదేళ్ళుగా ఇస్తున్నాను గనక నాకది కంఠతా వచ్చేసింది. మా ఆవిడకి కూడా వచ్చేసింది.

"మన స్నానాలగది కుళాయి మూణ్ణెల్లుగా కారుతోంది. ఆ ఉపన్యాసమేదో ఓసారి దాని దగ్గర నిలబడి ఇవ్వకూడదూ?" అంటుంది.

ఆడవాళ్ళతో వాదన పెట్టుకోకూడదని పెద్దలన్నారు. అంచేత ఆ సంగతి అక్కడితో వదిలి, అసలు కథలోకి వస్తాను.

మొన్న ఒక శుక్రవారం రాత్రి బెజవాడ నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. "తమ్ముడూ, రేప్పొద్దున మొదటి బస్సుకి బయల్దేరి రా. నీ మేనల్లుడు ఎల్లుండి మోటారు సైకిలు పందెంలో దిగుతాట్ట. మట్టిలో, గుంటల్లో, గట్ల మీంచి ఎగరాలిట. నా మాట వినడంలేదు. నువ్వు చదువు చెప్పేవాడివి, నీ మాటయితే వింటాడు" అంది.

చదువు చెప్పేవాళ్ళ మాట ఎవరు వింటారో మా అక్కయ్యకి తెలీదు పాపం. అయినా వెళ్ళాను.

వెళ్ళేసరికి వెనక వసారాలో బండి నిలబెట్టి ఉంది. గుర్తు పట్టడానికి నాకు నిమిషం పట్టింది. అది మా బావగారి ఎజ్డీ రోడ్‌కింగ్. 1994లో ఆయన కొన్నప్పుడు ఎర్రగా, నిగనిగలాడుతూ, రెండు వైపులా రెండు పొగగొట్టాలతో పెళ్ళికొడుకులా ఉండేది. ఇప్పుడు దీపం లేదు, హారను లేదు, అద్దాలు లేవు, మడ్‌గార్డులు లేవు. టైర్లకి మాత్రం పనసకాయ ముళ్ళలాగా ఇంతేసి బుడిపెలు. హ్యాండిల్ బారు మూరెడు వెడల్పు పెరిగింది.

"నగలన్నీ ఒలిచేశాడు చూడు" అంది అక్కయ్య గుమ్మంలోంచి.

మా బావగారు 2021 వేసవిలో పోయారు. ఆ వేసవిలో ఎందరి ఇళ్ళల్లో ఏం జరిగిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ తరవాత నాలుగేళ్ళూ బండి మీద దుప్పటి కప్పి ఉంచింది అక్కయ్య. కొంటామని ఇద్దరు ముగ్గురు అడిగారు. అమ్మలేదు. ఆర్నెల్ల కిందట కొడుకు దుప్పటి తీశాడు.

బావగారికి ఈ పిచ్చి మద్రాసులో చదువుకునే రోజుల్లో పట్టుకుంది. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్వే ఒకటుంది. ఏటా దాని మీద మోటారు పందేలు జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో వేరే పందెపు బాట తయారయ్యేదాకా దక్షిణాది కుర్రాళ్ళకి షోలవరమే తిరునాళ్ళు. బావగారు అక్కడ ఎండలో నిలబడి చూసినవారే తప్ప పరిగెత్తినవారు కారు. ఆ కోరిక అలాగే ఉండిపోయిందని కొడుక్కి ఎప్పుడో చెప్పారట. తండ్రులు ఇలాంటి మాటలు ఊరికే అంటారు. కొడుకులు మూటగట్టుకుంటారు.

భాష చెప్పుకుని బతికేవాణ్ణి గనక నేను ముందు పేర్ల దగ్గర ఆగుతాను. ఎజ్డీకి మూలం జావా. చెక్ దేశంలో యానెచెక్ అనే ఆయన, జర్మనీలో వాండరర్ అనే కంపెనీ దగ్గర మోటారు సైకిలు హక్కులు కొని 1929లో తయారీ మొదలుపెట్టాడు. తన పేరులో రెండక్షరాలు, వాళ్ళ పేరులో రెండక్షరాలు కలిపి బండికి పేరు పెట్టాడు. మన వ్యాకరణం ఒప్పుకునే సంధి కాదుగాని, వినసొంపుగానే ఉంది. అదే బండి 1960ల తొలినాళ్ళ నుంచి మైసూరులో తయారై, తరవాత ఎజ్డీ అయింది. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఇక మట్టి పందేల సంగతంటారా, జావాకి తోబుట్టువనదగిన సీజెడ్ బండి మీద జోయెల్ రొబేర్ అనే ఇరవయ్యేళ్ళ బెల్జియం కుర్రాడు 1964లో 250 సి.సి. తరగతిలో ప్రపంచ విజేత అయ్యాడు. కాబట్టి మా వాడి ఎజ్డీకి వంశగౌరవం లేకపోలేదు.

ఈ పందెం పుట్టింది మాత్రం ఇంగ్లండులో. 1924 మార్చి 29న క్యాంబర్లీ దగ్గర కొండల్లో, పొదల్లో మోటారు సైకిళ్ళ మీద పడుతూ లేస్తూ పరుగెత్తారు. దానికి వాళ్ళు 'స్క్రాంబుల్' అన్నారు. పెనుగులాట అని మనం అనుకోవచ్చు. తరవాత మోటారు సైకిలుకి ఫ్రెంచి మాటలో సగం, 'క్రాస్ కంట్రీ'లో సగం కలిపి 'మోటోక్రాస్' చేశారు. ఇప్పుడక్కడ 1965కి ముందటి బళ్ళకి విడిగా పందేలున్నాయి. ముసలి బళ్ళని కుర్ర బళ్ళతో పరిగెత్తించడం ధర్మం కాదు గదా! మా వాడు దిగబోయేది కూడా అలాంటిదే. ఊరవతల ఎండిపోయిన చెరువులో కుర్రాళ్ళంతా చేరి బాట వేసుకున్నారు. పాత బళ్ళకి 5 చుట్లు.

సరే, నేను వచ్చిన పని మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాను. "ఒరేయ్ అబ్బాయ్..." అన్నానో లేదో, వాడు నా చేతికి టార్చిలైటు ఇచ్చాడు. "కాస్త ఇక్కడ పట్టుకో మావయ్యా" అన్నాడు. అంతే. శనివారం పొద్దున్న పది గంటలకి పట్టుకున్న దీపం రాత్రి పన్నెండింటికి దించాను.

వాడి పక్కన మేస్త్రీగారు కూచుని ఉన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు ఆటోనగర్లో సొంత షెడ్డు ఉండేది. బావగారి బండి ఆయన చెయ్యి తప్ప మరో చెయ్యి ఎరగదు.

సిలిండరు బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేసి, బుధవారానికి ఇంజను బిగించారు. గురు, శుక్రవారాలు బుద్ధిగా తిరిగింది. శనివారం పొద్దున్న స్టార్టు చేసేసరికి, ఎవరూ మెడ తిప్పకుండానే దానంతటదే రయ్యిమని కేకపెట్టడం మొదలుపెట్టింది. యాక్సిలేటరు వదిలేసినా దిగదు. కట్టేస్తే గాని ఊరుకోలేదు.

మేస్త్రీగారు ప్లగ్గు విప్పి వెలుగులో పెట్టి చూశారు. మేం తాళపత్రం చదివినట్టు ఆయన ప్లగ్గు చదువుతారు. "కాఫీగింజ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యం బాగున్నట్టు మాస్టారూ. నల్లగా మసిపడితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. ఇది సున్నంలా తెల్లగా ఉంది. ఎక్కడో గాలి పీలుస్తోంది" అన్నారు.

కార్బురేటరుకీ సిలిండరుకీ మధ్య ప్యాకింగు చుట్టూ గ్రీజు పూసి మళ్ళీ స్టార్టు చేశారు. మార్పు లేదు. చోకు లాగి చూశారు. గాలి తగ్గి పెట్రోలు పెరిగేసరికి కేక కాస్త దిగింది. "లోపలి సీలు" అని తేల్చేశారు.

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి. ఈ పాత జావా, ఎజ్డీలవి టూ-స్ట్రోక్ ఇంజన్లు. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు దాని కింద ఉన్న క్రాంకు గది గాలినీ పెట్రోలునీ లోపలికి పీలుస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు ఆ గదే వాటిని పైకి నెడుతుంది. అంచేత ఆ గది సోడాబుడ్డి అంత బిగువుగా ఉండాలి. క్రాంకు ఇరుసు బయటికొచ్చే రెండు చోట్లా రబ్బరు సీళ్ళుంటాయి. ఎడమవైపు సీలు పోతే గేరు నూనె పీల్చి బండి తెల్లటి పొగ కక్కుతుంది. మా దానికి ఆ పొగ లేదు గనక పోయింది కుడివైపుది, డైనమో వెనకది. అక్కడ గాలి దూరితే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఈ ఇంజన్లకి నూనె పెట్రోలుతోనే కలిసి వెళ్ళాలి గనక నూనే తగ్గుతుంది. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. గట్టు మీంచి ఎగిరేటప్పుడు పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతే ఏమవుతుందో మా అక్కయ్య వినకుండా చెప్పారు మేస్త్రీగారు.

"ఇంజను బిగించినప్పుడు కొత్త సీళ్ళు వెయ్యమన్నాను గదా బాబూ?" అని అడిగారు.

మా వాడు తలొంచుకున్నాడు. "చూడ్డానికి బాగానే ఉంది గదా అని..."

నాలుగేళ్ళు కదలకుండా పడున్న రబ్బరు. చూడ్డానికి బాగానే ఉంటుంది. వేడి తగిలేసరికి గుండె రాయి చేసుకుంటుంది. బోరుకీ పిస్టన్‌కీ వేలకి వేలు పోసినవాడు, పదో పరకో పోస్తే దొరికే ఉంగరమంత రబ్బరు ముక్క దగ్గర పొదుపు చేశాడు. నా ఉపన్యాసానికి ఇంతకన్న అదను దొరకదు. కాని ఆ క్షణాన మా ఇంటి కుళాయి జ్ఞాపకం వచ్చి నోరు మూసుకున్నాను.

డైనమో విప్పి సీలు బయటికి తీసేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆ సీలు పట్టుకుని మా వాడూ నేనూ ఆటోనగర్ వెళ్ళాం. "ఎజ్డీ సీలుందా?" అని నాలుగు కొట్లలో అడిగాం. నలుగురూ నవ్వారు. అయిదో కొట్లో ఒక పెద్దాయన మాత్రం, "బండి పేరెందుకు నాయనా, ముక్క ఇలా తే" అని కొలబద్ద పెట్టి లోపలి కొలతా, బయటి కొలతా, మందమూ చూసి, ఓ డబ్బాలోంచి అలాంటిదే తీసి ఇచ్చాడు. దేనికోసం చేసిందో ఆయనకే తెలీదట. సీలుకి కులగోత్రాలుండవు, కొలతే ఉంటుంది. ఈ ముక్క నేను తరగతిలో ఎక్కడో వాడుకోవాలి.

సీలు వేశారు. డైనమో విప్పారు గనక ప్లాటినం పాయింట్లు మళ్ళీ సరిచెయ్యాలి. రేకు పెట్టి 0.4 మిల్లీమీటరు సందు చూశారు. పిస్టన్ పైకి చేరేందుకు రవ్వంత ముందే నిప్పురవ్వ పడేలా టైమింగు పెట్టారు. పెట్రోలు కుళాయి తిప్పేసరికి అది కారడం మొదలుపెట్టింది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. పాత బళ్ళ రబ్బర్లకీ, బెండు వాషర్లకీ అది పడదు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని పగులుతాయి. ఇథనాలుకి తట్టుకునే రకం వాషరు కోసం మళ్ళీ ఆటోనగర్. తీరా వచ్చాక క్లచ్చి కేబులు పోగులు విడిపోయి కనిపించింది. అదృష్టవశాత్తూ కొత్త కేబులు రెండు కొని ఉంచాడు. ఒకటి వేశారు. ఒక పని చేస్తే ఇంకో పని పుట్టుకొచ్చే ఈ వరసని మా ఊళ్ళో 'పెళ్ళివారిల్లు' అంటాం.

రాత్రి పదిన్నరకి పెట్రోలు 20 పాళ్ళకి నూనె ఒక పాలు కలిపి పోశారు. మామూలుగా 25కి ఒకటి చాలునట. కొత్త బోరు గనక కాస్త ధారాళం. మా వాడు కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఆహా! ఆ చప్పుడు వినాలండీ. ఆగి, మెల్లగా, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. పులిహోర క్యారియరు పట్టుకుని వచ్చిన అక్కయ్య గుమ్మంలోనే నిలబడిపోయింది. సాయంత్రం ఆరింటికి బావగారు వీధి మలుపు తిరిగితే వినిపించే చప్పుడది. ఆవిడ ఏమీ అనలేదు. క్యారియరు కింద పెట్టింది.

నేను వచ్చింది వాణ్ణి మానిపించడానికని అప్పటికి పూర్తిగా మరిచిపోయాను. చేతులకి గ్రీజూ, చొక్కాకి నూనే. తెల్లవారితే పందెం. నాకూ ఉత్సాహంగా ఉంది.

మేస్త్రీగారు ఆఖరిసారిగా మరలన్నీ బిగిస్తూ బండి మెడ దగ్గరికొచ్చారు. హ్యాండిలు ఇరుసు తిరిగే గొట్టానికి ఫ్రేము గొట్టం అతికే చోట వేలు ఆగింది. "దీపం ఇలా పట్టండి మాస్టారూ." రంగు మీద వెంట్రుకంత గీత.

"రంగు పగిలింది లెండి" అన్నాడు మా వాడు.

"కావచ్చు. కిరసనాయిలుందా అమ్మా?" అన్నారాయన. అక్కయ్య తెచ్చి ఇచ్చింది. అక్కడ రంగు గీకి, గుడ్డతో కిరసనాయిలు పట్టించి, కాసేపు నాననిచ్చి, పొడిగా తుడిచేశారు. "ఇప్పుడు సుద్దపొడి కావాలి."

నా చొక్కాజేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. కాలేజీలో తెల్లబోర్డులు వచ్చినా ఈ అలవాటు పోలేదు. తీసి ఇచ్చాను. ఆ రోజంతా దీపం పట్టుకోవడం తప్పిస్తే నేను చేసిన సాయం అదొక్కటే. ఆయన దాన్ని నలిపి అక్కడ పూశారు. నిమిషం చూశాం. ఇనుములో పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు మళ్ళీ బయటికి చెమర్చి సుద్దని తడుపుతుంది. తెల్లటి పొడి మీద, గీసినట్టుగా, అంగుళం పొడుగున ఒక నల్లటి గీత పాకుతూ వచ్చింది.

ఎవరం మాట్లాడలేదు.

"దీన్ని వెల్డింగు చెయ్యొచ్చు" అన్నారు మేస్త్రీగారు. "కాని ఇంజను దించాలి, ట్యాంకు తియ్యాలి, మెడ వంకర పోకుండా కట్టుకోవాలి. అర్ధరాత్రి చేసే పని కాదు."

"అయిదు చుట్లే గదండీ. ఇన్నాళ్ళూ ఆగింది, రేపొక్కరోజు ఆగదా?" అన్నాడు మా వాడు. తరవాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "తనిఖీ చేసేవాళ్ళు బ్రేకులూ, యాక్సిలేటరూ, చెయినూ చూస్తారు మావయ్యా. ఇది ఎవరికీ కనపడదు. పైన కాస్త రంగు వేసేస్తే..." అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాక్కూడా అదే అనిపించింది. పొద్దుటినుంచి పడ్డ పాటంతా కళ్ళముందుంది. పరీక్ష గదిలో చీటీ పట్టుకున్నప్పుడు పిల్లలు నా మొహంలోకి ఎలా చూస్తారో, వాడు అలా చూశాడు. "ఎవరికీ కనపడదు" అన్నమాట నేనా గదిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. ఆ రాత్రి నాకు జవాబు రాలేదు. వీడు నా మేనల్లుడు. పోటీలో ఉన్నది నా బావగారి బండి.

మాట్లాడింది అక్కయ్య. "బాగు చెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని మేస్త్రీగారిని అడిగింది.

"పదిరోజులమ్మా."

"అయితే పదిరోజులూ తీసుకోండి. తొందరపడకండి."

అంతే అంది. పందెం వద్దనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. పులిహోర వడ్డించింది. మా వాడు సుద్దగీత వంక చూస్తూ రెండు ముద్దలు తిని లేచాడు. గుడ్డ తీసుకుని ఆ గీత తుడవబోయి, తుడవకుండానే బండి మీద దుప్పటి కప్పాడు.

ఆదివారం మేమిద్దరం బస్సెక్కి చెరువు దగ్గరికి వెళ్ళాం. మా వాడు చేతిసంచీ ఒకటి పట్టుకొచ్చాడు. ఎందుకో అప్పుడు అడగలేదు. పందేనికి ఇంకా పావుగంట ఉందనగా ఎవరో ఒక కుర్రాడు పాత జావాని పక్కన పడేసి తల పట్టుకుని కూచున్నాడు. క్లచ్చి కేబులు తెగింది. మా వాడు సంచీలోంచి మిగిలిన రెండో కేబులు తీసి, ఆ కుర్రాడితో ఒక్కమాటైనా మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూచుని బిగించడం మొదలుపెట్టాడు. ఆ కుర్రాడు ఎన్నో స్థానంలో వచ్చాడో నాకు గుర్తులేదు. అయిదు చుట్లూ పూర్తిచేశాడు. మా వాడు గట్టు మీద నిలబడి, తనే నడుపుతున్నట్టు చేతులు తిప్పుతూ అయిదు చుట్లూ చూశాడు. అచ్చం షోలవరంలో వాళ్ళ నాన్నగారిలాగే కాబోలు.

తరవాత మేస్త్రీగారు దగ్గరుండి పని చేయించారట. పగులు ఇంకా పాకకుండా దాని రెండు కొసలా సన్నటి రంధ్రాలు పొడిచి, గీత వెంబడి గాడి తీసి వెల్డింగు చేసి, పైన పట్టీ అతికించారు. పదిరోజులు కాదు, పదిహేడు రోజులు పట్టింది. నిన్న అక్కయ్య ఫోను చేసి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి, "ఒరేయ్ తమ్ముడూ, ఆ పందేలు మళ్ళీ ఎప్పుడో కనుక్కున్నావూ?" అంది. నన్నెందుకు అడిగినట్టో!

ఆ ఆదివారం రాత్రి ఇంటికి చేరి, చొక్కా అయినా మార్చకుండా స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పాను. లోపల చిన్న రబ్బరు వాషరు. చూడ్డానికి బాగానే ఉంది. అయినా నమ్మలేదు. సందుచివర కొట్టుకి వెళ్ళి కొత్తది తెచ్చి వేశాను. కారడం ఆగిపోయింది. విజయగర్వంతో బయటికొచ్చాను.

మా ఆవిడ చీర కొంగు నడుముకి బిగించి అడిగింది. "అదే చేత్తో వంటింటిది కూడా చూడండి. దానికింకా రెణ్ణెల్లే అయింది లెండి, తొందరేం లేదు."